పశుమానవ రోగకారణాల ఉమ్మడి నిర్ధారణ సంఘం

సూక్ష్మజీవులకు ప్రభుత్వ శాఖల విభజన తెలియకపోవడమే లోకంలోని సగం రోగాలకు మూలకారణం. ఇబ్రహీంపట్నంలో ఈ లోపాన్ని సవరించడానికే పశువుల దవాఖానకూ మనుషుల దవాఖానకూ మధ్య ప్రహరీగోడ కట్టించారు. (గేటు పెట్టలేదు. సూక్ష్మజీవులకు అలుసిచ్చినట్టవుతుందని.)

లీదియా వాళ్ల బర్రె నెలలు నిండకముందే ఈనింది. దూడ చచ్చిపుట్టింది. మాయ పడకపోతే ఆమె భర్త నారయ్య, ఊళ్లో అందరూ చేసినట్టే, లుంగీ ఎగ్గట్టి ఉత్త చేతులతో లాగేశాడు. ఆ తర్వాత కొద్దిరోజులకే పొద్దుగూకితే జ్వరం, కీళ్లన్నీ నొప్పులు; ఇప్పుడు మంచం దిగలేకపోతున్నాడు. రక్తపరీక్ష ఒక్కటి చేస్తే మందేదో తెలుస్తుందని లీదియా ఆశ.

"బర్రెకున్నదే నీ పెనిమిటికి వచ్చిందని నేనెట్ల చెప్పాలె? ముందుగాల బర్రెకున్నదని రాయించుకరా," అన్నాడు మనుషుల డాక్టర్ వినోద్ కుమార్.

గోడకవతల పశువైద్యుడు జనార్దనరావుది కోస్తా మర్యాద. "మనిషికి సోకిందని తేలితేనే కదమ్మా, గేదె నెత్తురు హైదరాబాదు పంపేది!"

"ఇద్దరికీ ఒక్కపారే తీయరాదా సారూ?"

"రెండు శాఖలమ్మా," అన్నాడాయన, చిన్నపిల్లకు చెప్పినట్టు.

చివరికి రెండు శాఖలూ కలిసి ఉమ్మడి సంఘం వేసుకున్నాయి. (పేరులో పశువు ముందుండాలా, మనిషి ముందుండాలా అన్నదానిపై చర్చ జరిగింది. పశువు గెలిచింది.) సంఘం రెండు జీపుల్లో వచ్చింది. మేత బీళ్లన్నీ ప్లాట్లయిపోయి, బర్రె వసారాలో నారయ్య మంచం పక్కనే కట్టేసి ఉండటం గమనించింది. ప్లాట్లు అభివృద్ధి కిందికి వస్తాయి కనుక వాటిని రోగకారణంగా పరిగణించలేదు. ఉత్త చేతులు కారణమంటే ఊరందరికీ చేతి తొడుగులు పంచాల్సి వస్తుంది, అదీ కొట్టేశారు. ఇక మిగిలింది ఒకటే: పశువుకూ మనిషికీ అనవసర పరిచయం.

"గేదెను వెంటనే ఇక్కణ్నించి తీసేయాలమ్మా," అన్నాడు జనార్దనరావు.

"తీస్త సారూ. మరి మా ఆయన రక్తం?"

"మాది కారణాల సంఘం. రక్తం మా పరిధిలోకి రాదు."

"మంచిగున్నది! కారణం దొరికింది. మనిషి పోతే గది ఏ పరిధి సారూ?"

సభ్యులు జీపులెక్కారు.

లీదియా బర్రెను రావిర్యాలలో చెల్లెలింటికి తోలింది. వ్యాధి మండలం దాటింది కనుక ఇబ్రహీంపట్నంలో నిర్మూలన సంపూర్ణమని సంఘం ప్రకటించింది. ఆ ప్రకటన పట్టుకుని ఆమె మళ్లీ వినోద్ కుమార్ దగ్గరికి పోయింది. ఆయన రెండుసార్లు చదివి, బర్రె లేని ఇంట్లో బర్రె రోగం ఉండదని తేల్చి, నారయ్య ఆరోగ్యవంతుడని రాసిచ్చి, జ్వరానికి గోలీలిచ్చాడు.