తాతయ్యకు తోడుగా చేసిన రొట్టె

పెద్దల పండుగకు ముందురోజు పొద్దున్నే నిల్దా ఒక పథకం వేసుకుంది. రొట్టెల పిండి ఎలాగూ కలపాలి. పిల్లలు ఎలాగూ కాళ్ళకు అడ్డం పడతారు. రెండింటినీ ఒకచోట చేర్చితే రొట్టెలూ అవుతాయి, చదువూ వస్తుంది. పిండితో బొమ్మలు చేయిస్తే పిల్లలకు లెక్కలు వంటబడతాయని బాలబడి టీచరు చెప్పిన రోజు నుంచీ ఆమె చేతులు ఊరుకోవడం లేదు.

అసలు బెంగ వేరే ఉంది. పండుగనాడు పోయినవాళ్ళు దిగివచ్చి తినిపోవడానికి ఇంట్లో బల్ల పరుస్తారు. మామగారు పోయాక ఆయన కోసం పరిచే మొదటి బల్ల ఇది. దాన్ని తన ఇంట్లోనే పరచాలని పెద్ద ఆడపడుచు జెనోబియా పట్టుబట్టింది. పల్లెలో ఉండే అత్తగారు దోన్యా ఎవారిస్తా ఇద్దరినీ ఎగాదిగా చూసి, ఈ ఏడాదికి కోడలిని చెయ్యనిద్దాం, బాగా జరిగితే బల్ల అక్కడే ఉంటుంది, లేకపోతే కూతురింటికి పోతుంది అని తేల్చేసింది. లా పాజ్ కొండవాలు మీద ఆ వీధిలో బల్ల పరిచే మనిషిదే ఇంట్లో మాట. బల్ల పోతే మిగిలేది అంట్లు తోమే హక్కు. నిల్దాకు కొన్నాళ్ళుగా కంటి మీద కునుకు లేదు.

ఆరేళ్ళ నయెలి, నాలుగేళ్ళ ఇవార్ పిండి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. తాతయ్య దిగిరావడానికి రొట్టె నిచ్చెన చేసి, మెట్లు లెక్కపెట్టమంది తల్లి. ఇవార్ ఏడు మెట్లు చేసి, మూడు నోట్లో వేసుకుని, నాలుగని చెప్పాడు. వీడికి తీసివేతలు కూడా వచ్చేశాయని ఆమె మురిసిపోయింది. తరువాత గుర్రం చేశారు. దానికి అయిదు కాళ్ళు, ఒకటి తోక అయినా కావచ్చు. ఇక తాతయ్యను చెయ్యండని చెప్పి, మాడు వాసన వస్తే నిల్దా వంటింట్లోకి పరుగెత్తింది.

నయెలి తాతయ్యను చేసింది. చేశాక ఆలోచనలో పడింది. అంత దూరం నుంచి వచ్చి ఆయన ఒక్కడే బల్ల మీద కూర్చుంటే ఏం తోస్తుంది? అందుకని తోడుగా నానమ్మను కూడా చేసింది. పిల్లది మంచి చెయ్యి. రెండు జడలు, నెత్తిన గుండ్రటి టోపీ, గడ్డం మీద పుట్టుమచ్చకు మిరియపు గింజ. వీధిలో ఎవరు చూసినా ఇట్టే గుర్తుపడతారు.

ఆ ఊళ్ళో ముఖం పెట్టిన రొట్టె అంటే పోయిన మనిషి. బతికున్నవాళ్ళ ముఖం పిండికి పెట్టడం ఎవరి ఊహకూ అందని పని. ఆ మాట పిల్లలకు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సి వస్తుందని ఎవరూ అనుకోలేదు కనుక.

పిల్లలే గుడ్డ కప్పి ఇచ్చిన తట్టలు మోసుకుని వీధి బట్టీకి వెళ్ళింది నిల్దా మొగుడు లింబెర్త్. రాత్రంతా మినీబస్సు నడిపిన కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. వరుసలో నిలబడే కునుకు తీశాడు. బట్టీ నడిపే దోన్యా బాసిలియా గుడ్డ తీసి చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. రొట్టెను చూసింది, ఎర్రబడ్డ కొడుకు కళ్ళను చూసింది. ఎప్పుడు పోయిందని అడగడం మర్యాద కాదు. దుఃఖంలో ఉన్నవాళ్ళను ప్రశ్నలు వెయ్యకూడదు, మర్నాడు వెళ్ళి ప్రార్థన చెయ్యాలి. వరుసలో ఉన్నవాళ్ళంతా మర్యాదస్తులే. అతణ్ణి ముందుకు పంపారు, ఒకావిడ భుజం తట్టింది. పండుగపూట జనం ఎంత మంచివాళ్ళో అని ఇంటికొచ్చి పెళ్ళానికి చెప్పి లింబెర్త్ ముసుగు తన్నాడు.

మర్నాడు నిల్దా వంటింట్లో తలమునకలై ఉంటే, పిల్లలు తాము చేసిన రొట్టెలను బల్ల మీద చెరకు గడల మాటున తీర్చిపెట్టారు. మధ్యాహ్నం పన్నెండు కొట్టేసరికి పెద్దలు దిగే వేళయింది. వాళ్ళతో పాటు వీధి వీధంతా దిగింది.

నిల్దా పదిమంది వస్తారనుకుంది. గది నిండింది, నడవ నిండింది, వాకిట్లో కుర్చీలు వేశారు. వీధి సంఘం వాళ్ళు పెద్ద పూలచక్రం తెచ్చారు. ఎంత హఠాత్తుగా జరిగిందో పాపం అని ఒకావిడ కళ్ళొత్తుకుంది. మామగారు మూడేళ్ళు మంచాన పడి పోయారు. అయినా పెద్దావిడ మాట కాదనడం ఎందుకని నిల్దా తలూపింది. తన బల్ల పేరు అప్పుడే ఊరంతా పాకిందని ఆమె కాళ్ళు నేల మీద లేవు. ప్రార్థన చేసిన ప్రతివారికీ సంచి నిండా రొట్టెలిచ్చి పంపుతూ ఉంది.

అప్పుడు జెనోబియా నల్లబట్టల్లో, జుట్టు విరబోసుకుని వచ్చింది. కబురు బట్టీ నుంచి ఆమె కొట్టున్న మార్కెట్టుకు చేరింది. తల్లికి ఫోను చేస్తే పలకలేదు. చార్జింగు ఖర్చవుతుందని ఆ తల్లి ఫోను ఆపేసి రవికెలో దాచుకుంటుందని కూతురికి తెలుసు. కాని ఏడుపులో ఉన్నవాళ్ళకు తెలిసినవి గుర్తుకు రావు. నేరుగా బల్ల మీద పడి చెరకు గడల మాటున ఉన్న రొట్టెను వాటేసుకుంది.

నిల్దా అప్పుడు చూసింది, రెండు జడలనూ పుట్టుమచ్చనూ. "నయెలీ, ఇదేంటే?" అంది.

"తాతయ్యకి తోడమ్మా. ఒక్కడే అయితే బోరు కొడుతుంది కదా."

నిల్దాకు పైప్రాణాలు పైనే పోయాయి. నిజం చెబితే బతికున్న అత్తగారిని బల్లకెక్కించిన కోడలిగా వీధిలో మిగిలిపోతుంది. చెప్పకపోతే అత్తగారు ఏ క్షణంలోనైనా బస్సు దిగి వస్తుంది. బల్ల ఎలాగూ పోయింది, ఇక పరువైనా ఎలా దక్కించుకోవాలా అని చూపులు గది చుట్టూ తిప్పింది. మూల కుర్చీలో ఒక ముసలావిడ శాలువా కళ్ళదాకా కప్పుకుని ప్రార్థనకిచ్చే సారా దాని చాటునే చిన్న గుక్కలుగా తాగుతోంది. శాలువా పైన ఉన్న టోపీని నిల్దా ఎక్కడైనా గుర్తుపడుతుంది. వాకిట్లో పూలచక్రం ఎవరికని ఆవిడ అడిగి ఉంటుంది, మర్యాదస్తులు చెప్పి ఉంటారు. ముసలావిడ కళ్ళతోనే ఊరుకోమంది. నిల్దా ఊరుకుంది.

"అమ్మా," అని జెనోబియా శోకాలు పెట్టింది, "బల్ల నాకే కావాలని నీతో పోట్లాడాను. తప్పయిపోయింది. నాకొద్దమ్మా ఆ బల్ల, ఎప్పటికీ నిల్దానే పెట్టుకోనీ. ఒక్కసారి నాకు కనబడు, చాలు."

ముసలావిడ శాలువా దించింది. "కనబడ్డాను," అంది.

బట్టీ బాసిలియా కుర్చీతో సహా వెనక్కి పడింది. పూలచక్రం తెచ్చినవాళ్ళు తలుపులో ఇరుక్కున్నారు. గోలకు లింబెర్త్ లేచి వచ్చి, అమ్మ ఎప్పుడొచ్చిందని అడిగాడు. జెనోబియా తల్లిని పట్టుకుని నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

"ఇది అన్న మాట అందరూ విన్నారుగా?" అంది దోన్యా ఎవారిస్తా. వినలేదని చెప్పడానికి అక్కడ మర్యాద లేనివాళ్ళు ఎవరూ లేరు. "అమ్మా, నేను నువ్వు పోయావనుకుని అన్నాను," అని జెనోబియా గొణిగింది.

"నేనూ పోయాననుకునే విన్నాను. చచ్చినదానికిచ్చిన మాట తప్పకూడదే."

కూతురూ కోడలూ నిలబడి చూస్తుంటే ఆవిడ రొట్టెను చేతిలోకి తీసుకుని, ముక్కు ఇంత లావుందా అని మనవరాలిని నిలదీసింది. ఉంది నానమ్మా అని నయెలి చెప్పింది. నిల్దా అప్పుడు గోడకు జారగిలబడి బావురుమంది. అత్తగారు పక్కన కూర్చుని, తన కోసం ప్రార్థించినవాళ్ళకు ఒక్కో సంచి అదనంగా ఇమ్మని పురమాయించింది.

ఆ తరువాత ఎవరింట్లో ఏడవాల్సి వచ్చినా, జెనోబియా ముందు మూల కుర్చీల్లో ఎవరున్నారో చూసుకుని మరీ మొదలుపెడుతోంది.