సవన్నాకు పాలు

ఆ రోజు బడి సారు రసూల్ సాబ్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. తొమ్మిదికల్లా బడి వరండాలో ప్రపంచం సిద్ధం కావాలి. పదింటికి తల్లులు రావాలి. పదకొండుకు ఎంఈఓ అలివేలుమంగ గారు వచ్చేసరికి రిజిస్టర్లో ఆరుగురు కొత్త పిల్లల పేర్లుండాలి. ఆదోని, ఎమ్మిగనూరుల మధ్య ఉన్న ఆ పల్లె బడిలో పద్నాలుగు మందే మిగిలారు. ఇరవై మంది లేకపోతే నాలుగు కిలోమీటర్ల అవతలి బడిలో కలిపేస్తారు. లారీలు తిరిగే రోడ్డు మీద అంత దూరం పంపను, పత్తి చేనుకు తోలతానని ఏడో తరగతి అంజినమ్మ తండ్రి ముందే తేల్చి చెప్పాడు. ఆ పిల్లను తలచుకుంటే సారుకు అన్నం సహించడం లేదు.

బస్సులు పంపే ఎమ్మిగనూరు ప్రైవేటు బడులు ప్రదర్శనలు పెట్టి పిల్లలను లాక్కుపోతున్నాయి కదా, మనమూ పెడదామనుకున్నాడు. ఇసుకతో ఎడారి చేశాడు. ఆదోని నుంచి దూది తెచ్చి టండ్రా మంచు పరిచాడు. కరివేపాకు కొమ్మలు గుచ్చితే వర్షారణ్యమైంది. మధ్యలో సవన్నా గడ్డిభూమి. అక్కడ చెదపుట్టలుంటాయి కనక మోకాలెత్తున ఒక పుట్ట నిలబెట్టాడు. మట్టి కోసం దూరం పోలేదు. కిందటి నెల రోడ్డు వెడల్పు చేస్తూ పొక్లెయిన్ తోసేసిన ఊరి పుట్ట, బడి గోడ పక్కనే కుప్పగా పడి ఉంది. పాఠమంతా ఆలోచించిన సారుకు ఆ రోజు నాగుల పంచమి అన్న సంగతే తట్టలేదు.

బడిలో వంట చేసే సిద్దమ్మ గేటు దాటి, పుట్టను చూసి, చెప్పులు వదిలేసింది.

"సారూ, ఇది మన పుట్ట మన్ను గదా?"

"అవును సిద్దమ్మా, అదే మన్ను."

"మళ్ళా లేపినావా నాయనా!" అని కళ్ళొత్తుకుని, పొయ్యి కూడా ముట్టించకుండా ఊళ్ళోకి పరుగెత్తింది. పాలు ఎక్కడ పోయాలో తెలియక దిగాలు పడివున్న ఆడవాళ్ళకు ఆ కబురు చాలు.

పదింటికి వరండా నిండిపోయింది. సారు గొంతు సవరించుకున్నాడు. "రండమ్మా, ఇది ఆఫ్రికా. ఈడ చెదలు ఎండుగడ్డిని తిని మన్నులో కలుపుతాయి. ఆ మన్నుతోనే గడ్డి, గడ్డితో జింక, జింకతో సింహం. ఒకటి పోతే అన్నీ పోతాయి."

"నిజమే సారూ. పుట్ట పోయినప్పటి నుంచి మాకు వానే ల్యాదు" అంది హులిగెమ్మ.

ఇంత చురుకైన తరగతి ఆయనకు ముప్పై ఏళ్ళ సర్వీసులో తగల్లేదు. ఉత్సాహంగా అడ్మిషన్ రిజిస్టర్ తెరిచాడు. "పిల్లోల్ల పేర్లు సెప్పండమ్మా, రాసుకుంటా."

ఉరుకుంద ఈరన్న గుడిలో పూజకు పేర్లు రాసుకోవడం వాళ్ళకు అలవాటే. ఇక్కడా అంతే అనుకున్నారు. హులిగెమ్మ ముగ్గురి పేర్లు చెప్పింది. ఇంకొకామె, "నా కోడలి కడుపులో ఉండేదానికి గూడా రాయి సారూ" అంది. పుట్టని బిడ్డకు ఇప్పుడే సీటు అడుగుతోందని సారు పొంగిపోయాడు.

ఈలోపు చెంబులు వంగాయి. పాలు సవన్నా దాటి ఎడారిని ముంచి టండ్రాలోకి పారాయి. పసుపు కలిసి మంచు పచ్చబడింది. ఒక కోడి వర్షారణ్యంలో దూరి దాన్ని నేలమట్టం చేసింది. 'ఇక్కడ వానలు పడవు' అని అంజినమ్మ రాసిపెట్టిన అట్టముక్క ఎడారి మీద తేలుతోంది. రసూల్ సాబ్ దేన్నీ పట్టించుకోలేదు. రిజిస్టర్లో నలభై ఒక్క పేర్లున్నాయి.

అలివేలుమంగ గారు వస్తూనే జనాన్ని చూసి చెప్పులు విడిచారు. రిజిస్టర్ చూసి పెన్ను తీశారు. "బ్రహ్మాండం సార్! బడి కలపొద్దని ఇప్పుడే రాస్తాను. ఏమ్మా, పిల్లల టీసీలు తెచ్చారా?"

హులిగెమ్మ తెల్లబోయింది. "పూజకు టీసీ ఎందుకమ్మా? మా పిల్లోల్లు పొద్దున్నే ఎమ్మిగనూరు బస్సెక్కి పోయినారు."

ఎంఈఓ గారు పెన్ను మూత పెట్టేశారు. రసూల్ సాబ్ చేతులు జోడించాడు. "ఆరుగురు సాలమ్మా. ఆరుగురే."

అందరూ తల దించుకున్నారు. చివరికి సిద్దమ్మే నోరు విప్పింది. "నా మనవడు గూడా ఆ బస్సులోనే పోతాండాడు సారూ. ఏమనుకోవద్దు."

ఆయన ఏమీ అనుకోలేదు. తడిసిన దూది ఎత్తుతూ, ఎవరికీ కనబడకుండా గోడవైపు తిరిగి ఏడ్చాడు.

నెల తిరక్కుండా బడిని కలిపేశారు. రసూల్ సాబ్‌ను ఎమ్మిగనూరుకు మార్చారు. పత్తి ఏరే కాలం వచ్చాక ఒక సోమవారం ఆయన సెలవు పెట్టి చూడ్డానికి వచ్చాడు. సవన్నాలో గడ్డి నిజంగానే మొలిచింది. పుట్ట దగ్గర పాలచెంబు పట్టుకుని అంజినమ్మ నిలబడి ఉంది. వేళ్ళ నిండా పత్తికాయలు గీరిన గాట్లు.

"సారూ, మీరు సెప్పినట్లే చెదలొచ్చినాయి" అంది సంబరంగా.

ఆయన ఆ పిల్ల తల మీద చెయ్యి వేశాడు. అంజినమ్మ ఇంకా ఏదో చెప్పబోతే, వెనక చెంబులతో వరసకట్టిన వాళ్ళు పక్కకు జరగమని తొందరపెట్టారు. పిల్లలు చాలలేదని మూసేసిన ఆ బడిలో సోమవారాలు నిలబడ్డానికి చోటుండదు.