సున్నపుగుంత వీధి మహిషోత్థాన పర్వము

వినుడు! చెవులున్నవారు చెవులతోను, వానకు కాళ్ళు తడిసినవారు కాళ్ళతోను వినుడు!

శ్రీ కాళయుక్తి నామ సంవత్సరమున, అరవవారి పురటాసి నెల ముగియవచ్చి, వానల నెల యగు ఐప్పసి మేఘములు తూర్పు సముద్రముపై సేనలు కూర్చుకొనుచుండగా, పూండి జలాశయపు నీళ్ళు కాలువలనెడు పల్లకీలెక్కి మదరాసు మహానగరమునకు రాజయాత్ర వెడలుచుండగా, తిరువళ్ళూరు పట్టణపు పడమటి అంచున, రైలుకట్ట వెనుక, సున్నపుగుంత వీధియనెడు ఇరువదిరెండు కొంపల సామ్రాజ్యమున మాత్రము, పోసిన నీరు పోసినచోటనే నిలిచి, పచ్చబడి, దోమలకు కులగురువై కొలువుదీరి యుండెను.

ఎక్కడికి పోవును? ఆ వీధికి దీపము కలదు. నెలకు పది దినములు వెలుగును గూడ. కాలువ లేదు.

ఇరువదిరెండు ఇండ్లలో మిక్కిలి పల్లమున నున్నది కుప్పమ్మ యిల్లు. గోనెసంచులు కుట్టి బ్రతుకు నెట్టుకొచ్చు దబ్బనపాణి, గోనెపట్ట విమర్దిని, ఏకాకిని ఆ కుప్పమ్మ. ఏటేటా ఐప్పసిలో వీధి నీళ్ళన్నియు తలుపు తట్టకుండ ఆమె ఇల్లు సొచ్చి, పొయ్యి నార్పి, కుండలను తేలించి, మూడు దినములు చుట్టరికము చేసి పోయెడివి. ఏడేండ్లు ఆమె మంచముపై మోకాళ్ళు ముడుచుకొని కూర్చుండి ఆ చుట్టములను భరించెను.

కాని ఈ యేడు, తొలికాన్పుకు పాండూరు నుండి వచ్చిన కూతురు ఇంద్రాణి ఆ యింటనే ఉన్నది. నేలకు జానెడెత్తున వ్రేలాడు చీర ఉయ్యాలలో పదమూడు దినముల మగబిడ్డ ఉన్నాడు. బిడ్డకు పోసిన స్నానపు నీళ్ళను సైతము కుప్పమ్మ గంగాళమున కెత్తి, వీధి పొడవునా మోసి, రైలుకట్ట అవతల పారబోసి వచ్చెడిది. ఏలయన, వాకిట పోసిన నీరు అలిగివచ్చిన ఆడబిడ్డ వలె తిరిగి గడపకే చేరెడిది.

"మంచం మింద నేను కూర్చుంటాను, సరే. పసిబిడ్డని యాడ కూర్చోబెట్టేది?" అని ఆమె ఒక్క మాట యనెను. భీషణమైన ప్రతిజ్ఞలు పూర్వము పెక్కు జరిగినవి. ఇంత కురుచది జరుగలేదు.

ఆ మాట చెంగల్రాయుని చెవిన బడెను. ఎవడీ చెంగల్రాయుడు? ప్రతిదినము ఆరుగంటల రైలెక్కి ఆవడి కార్ఖానాకు పోయి, దేశమును కాచు యుద్ధశకటములకు మరలు బిగించి, సాయంకాలము సొంతవీధి బురదలో మోకాలివరకు దిగబడు మహారథి. నోరు తెలుగుదే యైనను కలము అరవముది. ఆ కలముతో అతడు పురపాలక ఆఫీసుకు మూడు అర్జీలు సంధించెను. మూడును గాలిలో కలిసెను. నాలుగవదానికి జవాబు వచ్చెను: కాలువ మీరు త్రవ్వుకొనుడు, త్రవ్విన కాలువలో నీరు పారినయెడల సిమెంటు తూములు మేమిచ్చెదము, గురువారము పదకొండు గంటలకు ఓవర్సీరు వచ్చి పరీక్షించును, ఎగువన ఒక్క బిందె నీరు పోయవలెను, అందు వేసిన వస్తువు రోడ్డు కల్వర్టు చేరవలెను, చేరదా, మీ వంతు మరల తై నెల పోయిన పిమ్మట.

తై నెల, అనగా సంక్రాంతి నెల! అప్పటికి వానలు పోవును. వానలతో కుప్పమ్మ మట్టిగోడ గూడ పోవును.

కావున వీధి లేచెను. పదకొండు సాయంకాలములు పలుగులు మెరసెను, పారలు మొరసెను, తట్టలు తలలకెక్కెను. అంతవరకు ఉమ్మడిగోడ తగవుతో పలుకరింపులు మానిన రెండిండ్లవారు ఒకే గునపమును ఇరువైపుల పట్టి, గునపముతో మాటలాడునట్లు ఒకరితోనొకరు మాటలాడిరి. నలుబదిరెండు గజముల కాలువ సిద్ధమాయెను. బుధవారపు పొద్దుగూకకముందే కుప్పమ్మ వాకిటి మడుగును బిందెలతో తోడి, కల్వర్టు అవతలి ఇటుకమట్టి గుంటలో పోసి, మడుగు అడుగున గూడ కాలువను త్రవ్వి ముగించిరి.

ఆ మడుగే కయ్యమునకు మూలము.

ఏలయన ఆ మడుగు కస్తూరికి పట్టపు స్నానఘట్టము. కస్తూరి యనగా పాలవాడు గోవిందరాజు ఎనుము. పేరు కస్తూరి, పరిమళము వేరు. వేసవిలో దాని దూడ చచ్చెను. పాలవాండ్ర వాడుక చొప్పున గోవిందరాజు ఆ దూడతోలులో వరిగడ్డి కూరి, కుట్టి, నాలుగు పుల్లలు కాళ్ళుగా గుచ్చి, గడ్డిదూడను చేసెను. పాలు పిదుకు వేళ దానిని ముందు నిలిపిన, కస్తూరి నాకి నాకి చేపును. లేనిచో చుక్క విడువదు. గురువారము ఉదయము పాలు పిదికిన వెంటనే ఆ దూడ పొట్టకుట్టు పిగిలి గడ్డి బయటపడెను. దబ్బనము గలది వీధిలో కుప్పమ్మ ఒక్కతె గనుక, గోవిందరాజు కాలువ కోపమును దిగమ్రింగి, దూడను ఆమెకిచ్చి పోయెను. ఆమె కుట్టి, గోడమేకుకు తగిలించెను.

మనమును దానిని ఆ మేకుకే వదలి యుద్ధమునకు పోదము.

గురువారము పది గంటల పది నిమిషములు. స్నానమునకు వచ్చిన కస్తూరి తన మడుగు మాయమగుట గాంచెను. ఒక్క క్షణము నిలిచెను. పిమ్మట, మడుగున్నచోటనే, కుప్పమ్మ వాకిటికెదురుగా, చల్లగా తడిగా క్రొత్తగా త్రవ్విన కాలువను గాంచెను. దిగెను. పండుకొనెను. అచ్చులో ఇటుకవలె సరిపోయెను! అటొక అంగుళము లేదు, ఇటొక అంగుళము లేదు. పదకొండు సాయంకాలములు ఇరువదిరెండు ఇండ్లవారు కొలిచి కొలిచి త్రవ్వినది ఆ ఎనుము నడుముకొలతకేనా యని చూచువారికి తోచెను.

సెలవుపెట్టిన చెంగల్రాయుడు చొక్కా విప్పి వెనుకనుండి నెట్టెను. పర్వతమును నెట్టినవారు పురాణములలో కలరు. ఆ పర్వతములకు తోకలు లేవు. ఆ తోక ఒక్కసారి లేచి, బురదతో అతని ముఖమున తిలకము దిద్దెను. ఎనిమిదిమంది మోకుకట్టి లాగిరి. మోకు తెగి ఎనిమిదిమందియు ఒకరిపై నొకరు పడిరి. కిరసనాయిలు డబ్బాలు చెవిదగ్గర మ్రోయించిరి. కస్తూరి ఒక చెవి మూసి, రెండవ చెవితో ఆలకించెను. చన్నీళ్ళు కుమ్మరించిరి, అది దానికి అభిషేకమాయెను. బక్కెట్టెడు తవుడు ఆశజూపిరి. పడుకొనియే మెడచాచి, తవుడంతయు భక్షించి, బక్కెట్టును ప్రక్కకు త్రోసి, నెమరునకు పూనుకొనెను.

అరుగుపై గోవిందరాజు చేతులు కట్టుకొని కూర్చుండెను. సర్వసైరిభ సార్వభౌముడు, చెంబుహస్తుడు, పంతమునకు పుట్టిల్లు! వీధిలో ఒక్క తట్ట మోయనివాడతడు. చెంగల్రాయుడు వేడెను, గర్జించెను, మామాయని పిలిచెను, తుదకు ఆవడి శకటములను గూడ తలచుకొనెను. గోవిందరాజు కదలలేదు.

"మీకందరికీ కాలువ దొరికింది. నా గొడ్డుకు యాడుండాది గుంట? అది లేస్తే లేస్తాది. నేను లేపను" అనెను.

పదకొండాయెను. నల్లగొడుగు పట్టి, ఫైలు చంకబెట్టి, బస్సు దిగివచ్చెను ఓవర్సీరు సుందరరాజ్. అదే బస్సు రోడ్డు చివర తిరిగి, పదకొండు నలుబదికి కల్వర్టు దగ్గర ఆగును. ఆయన వీధిని ఈ చివరనుండి ఆ చివరకు పరికించి, "కాల్వాయ్ ఎంగే?" అని కాలువ జాడ అడిగెను.

"ఎరుమ కింద ఉండాది సార్" అనెను చెంగల్రాయుడు, బురదముఖముతో.

ఓవర్సీరు దుర్మార్గుడు కాడు. తాను కన్నది మాత్రమే వ్రాయగలననియు, తాను కన్నది ఎరుమ యనియు, కాగితమున ఎరుమకు గడి లేదనియు శాంతముగా సెలవిచ్చెను. గడియారము చూచెను. తిరుగు బస్సుకు ఇంక ఇరువదైదు నిమిషములు. తూర్పున ఒక ఉరుము మెల్లగా గొంతు సవరించుకొనెను.

అంతట కుప్పమ్మ లోనికి పోయెను. ఉయ్యాల ప్రక్కన పొరుగింటి ముసలి వరదమ్మ బిడ్డకు నీళ్ళు కాచుచుండెను. కుప్పమ్మ మేకువైపు చేయి చాచెను.

ఆమె వెలుపలికి వచ్చినప్పుడు ఆమె చంకన గడ్డిదూడ!

గోవిందరాజు అరుగుమీదినుండి లేచెను. "అక్కా, అది నా దూడ."

"నీ దూడే నాయనా. కుట్టు అయిపోయినాది. ఆ కల్వర్టు కాడికి రా, చేతికిస్తాను" అని చెప్పి, ఆమె కాలువలోనికి దిగి, కస్తూరి ముక్కుకు మూరెడు దూరమున దూడను నిలిపెను.

నెమరు ఆగెను. కస్తూరి మెడచాచి వాసన చూచెను. పొట్టమీద కుప్పమ్మ వేసిన క్రొత్తకుట్టును ఒక్కసారి నాకెను. ఆ గరుకునాలుక చప్పుడు వినగానే కుప్పమ్మ పౌరుషమంతయు ఎందులకో సడలెను. ఆమె వంగి, ఎవరికిని వినబడకుండ, దాని చెవిలో పలికెను: "లెయ్యి తల్లీ. నా ఇంట్లో ఉండేది గడ్డిది కాదు."

లేచెను! ముందు వెనుకకాళ్ళు, పిదప ముంగాళ్ళు. బురద కరిగి జారుచుండ, కొమ్ములు మెరయుచుండ, పాతాళమునుండి భూగోళము లేచినట్లు కస్తూరి లేచెను! కుప్పమ్మ దూడను పట్టుకొని వెనుకడుగులు వేయుచు కాలువ వెంబడి నడచెను. కస్తూరి హుంకరించుచు వెంటబడెను. దాని పొట్ట ఇరుప్రక్కల గట్లను రాచి, పారలకు దొరకని గడ్డలన్నిటిని నున్నగా తుడిచివేసెను. అంతలో మరియొక అద్భుతము. దూడ కంటబడిన సంబరమున దానికి చేపు వచ్చి, పాలు బొట్లుబొట్లుగా కాలువలో రాలసాగెను.

"పాలు! అక్కా, పాలు పోతావుండాయి!" అని గోవిందరాజు చెంబు పట్టుకొని కాలువలోనికి దూకి, ఎనుము క్రింద వంగి వంగి పరుగెత్తుచు, లేపననిన నోటితోనే నడువే, బిరబిర నడువే యని దానిని అదలించెను. వీధిలో అతడు వేసిన మొదటి కాలువపని అదియే.

కల్వర్టు దాటగానే ఇటుకమట్టి గుంట. అందులో నిన్న పోసిన పాత మడుగు నీరంతయు నల్లగా తళతళలాడుచుండెను. కస్తూరి దానిని గుర్తుపట్టెను. మెడవరకు దిగి కన్నులు మూసెను.

కుప్పమ్మ దూడను గోవిందరాజు చేతికిచ్చెను. "ఈడ గుంట ఉండాదని ముందే చెప్పుంటే నేనూ నాలుగు తట్టలు మోసుందును కదక్కా" అని అతడు గొణిగెను.

"చెప్పినాము. నువ్వు వినలా."

పదకొండు ముప్పది! బిందె! ఎగువన చెంగల్రాయుడు బిందె వంచెను. ఓవర్సీరు తన వాడిన బస్సుటిక్కెట్టును నీటిపై వదలెను. అది బయలుదేరెను! ఒకటవ గజము, పదవ గజము, ఇరువదవ గజము. వీధి యంతయు దానివెంట వంగి నడచెను. కుప్పమ్మ వాకిటికి వచ్చెను. అచట కస్తూరి పండుకొన్నచోట దాని దేహమంత గుంట పడియుండెను. టిక్కెట్టు ఆ గుంటలో దిగి, ఒక చుట్టు తిరిగి, ఆగెను. నీరు గుంట అంచుకు రెండు వ్రేళ్ళ దిగువన నిలిచెను. బిందె ఖాళీ.

రోడ్డున బస్సు హారను మ్రోగెను. ఒక్క బిందె యనగా ఒక్క బిందెయేనని ఓవర్సీరు బాధతోనే పలికి, ఫైలు మూసెను. కుప్పమ్మ గడపవైపు చూచెను.

సరిగా ఆ గడపమీద ప్రత్యక్షమాయెను ముసలి వరదమ్మ. లోకములోని యుద్ధములేవియు సోకని చెవిటి యామె. కాళ్ళు చాచి బిడ్డకు నీళ్ళుపోసి ముగించి, నిండు గంగాళము నీడ్చుకొని వచ్చినది. "ఈ కుప్పమ్మ యాడ పోయినాదో, ఇంత నీళ్ళు రైలుకట్ట దాకా ఎవరు మోసేది" అని సణుగుచు, వాకిటనే కుమ్మరించెను!

సున్నిపిండి వాసన గుప్పున లేచెను. బిడ్డడి నీళ్ళు గుంట నిండెను, అంచు దాటెను. టిక్కెట్టు ఉలికిపడి, లేచి, పరుగు లంకించుకొనెను!

అది లెక్కలోనికి రాదని ఓవర్సీరు అనబోయెను. కుప్పమ్మ అడ్డము వచ్చెను.

"బిందె పోసి చూసేదానికా సార్ కాలువ? బిడ్డకు పోసిన నీళ్ళు పోయేదానికే కదా."

ఆయన టిక్కెట్టువైపు చూచి, బస్సువైపు చూచి, గొడుగు చంకబెట్టి కాలువగట్టున టిక్కెట్టుతో సమముగా పరుగెత్తసాగెను. వెనుక చెంగల్రాయుడు, వెనుక వీధి. కండక్టరు ఈల వేసెను. టిక్కెట్టు కల్వర్టు క్రిందికి దూరెను. ఓవర్సీరు పాదము బస్సు మెట్టెక్కెను. మెట్టుమీదనే, చెంగల్రాయుని వంగిన వీపును మేజాగా చేసుకొని సంతకము చేసెను. "సరి మా!" అని ఆయన వేసిన కేక బస్సుతోపాటు తిరుత్తణి దిక్కున పోయెను.

తూములు సోమవారము వచ్చెను. వాన బుధవారము వచ్చెను. ఆ రాత్రి కురిసి తెల్లవారియు కురియుచుండగా కుప్పమ్మ గడపలో కూర్చుండి, ఎదుట పారుచున్న వీధి నీళ్ళను అలవాటు తప్పిన చుట్టములను చూచినట్లు చూచెను. లోన పొయ్యి మండుచుండెను. బిడ్డ నిద్రించుచుండెను.

కావున దండోరా వేయుడు! తిరువళ్ళూరు మొదలు తిరుత్తణి కొండవరకు చాటుడు! ఇంకను ఉయ్యాల దిగని వీరుని స్నానజలము, మహిషశయ్యను జయించి, కల్వర్టు పర్యంతము దిగ్విజయయాత్ర సాగించెను. వాకిట పోసిన నీళ్ళు పోయినవి.

తిరిగి రాలేదు.