రెండో గేరు నుంచి మూడో గేరుకు

మెర్ల్ స్టోవాల్ పికప్ ట్రక్కు రెండో గేరు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు మొండి గొడ్డులా ఒక్క కుదుపు కుదిపేది. లోపల ఐదువందల గుర్రాల ఇంజను. కొన్నరోజున ఊరు ఊరంతా వచ్చి చూసింది, ఓక్లహోమాలో అదెంత చిన్న ఊరైనా సరే. ఇప్పుడు ఆ కుదుపుకు జడిసి పెంపుడు కుక్క కూడా ఎక్కడం మానేసింది. భార్య నడీన్‌కు మాత్రం తప్పేది కాదు. పోయిన ఆదివారం చర్చి విందుకు ఆవిడ ఒళ్ళో పెట్టుకుని తీసుకెళుతున్న గుడ్లు, సొన మెదిపి ఆవపిండి కలిపి కూరినవి, పళ్ళెంలోంచి లేచి ముందు అద్దానికి అతుక్కున్నాయి.

శనివారం పొద్దున కాఫీ దగ్గర ఆవిడ తీర్పు చెప్పేసింది.

"రేపు మళ్ళీ గుడ్లు చేస్తున్నా. ఒక్కటి దొర్లినా సోమవారం ఈ బండి రాయ్స్‌కి అమ్మేస్తున్నాం. అంతే."

రాయ్స్ ఆవిడ తమ్ముడు. ఆ బండి మీద వాడి కన్నుపడి చాన్నాళ్ళయింది.

"అమ్మేదేం లేదు. సాయంత్రానికల్లా మూడో గేరు పడిందో లేదో నీకే తెలీకుండా చేస్తా చూడు."

"మెకానిక్‌కి ఇవ్వొచ్చుగా."

"నా బండి మీద ఇంకొకడు చెయ్యి వెయ్యడమా?" అన్నాడు మెర్ల్. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి. నడీన్ గుడ్లు కొనడానికి తన చిన్న కారులో బజారుకు వెళ్ళింది.

గేర్‌బాక్సులో పాత ఆయిలు తీసి కొత్తది పోస్తే సరి, అదీ అతని పథకం. ఇంటిముందే బండిని జాకీల మీదికి ఎత్తి, కిందికి దూరి, అడుగు బిరడా విప్పాడు. గేర్‌బాక్సు జోలికి వెళ్ళిన ప్రతివాడికీ తెలిసిన సూత్రం ఒకటుంది: కొత్త ఆయిలు పోసే పై బిరడా ముందు విప్పాలి, అది ఊడివచ్చిందని తేలాకే అడుగుది ముట్టుకోవాలి. మెర్ల్‌కూ తెలుసు. ఆ సూత్రం మరిచిపోయినందుకు బావమరిదికి బుద్ధులు చెప్పినవాడే. పంతంలో చెయ్యి ముందు వెళ్ళింది, బుద్ధి వెనక వచ్చింది. ఎర్రటి ఆయిలు ఛాతీ మీదుగా కారి నేలంతా మడుగుకట్టింది. పై బిరడా మాత్రం తుప్పుపట్టి బిగుసుకుపోయింది. గేర్‌బాక్సులో చుక్క ఆయిలు లేని బండి అంగుళం కదలకూడదు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

సరిగ్గా ఆ వేళకు పక్కింటి ఓపల్ పెద్దమ్మ కుక్కను తిప్పుకుంటూ వచ్చింది. బండి కిందనుంచి బయటికి చాచి ఉన్న రెండు కాళ్ళు కనిపించాయి. చుట్టూ ఎర్రటి మడుగు.

"మెర్ల్, నాయనా, ప్రాణంతో ఉన్నావా?"

మెర్ల్ నోట్లో టార్చిలైటు ఉంది. రెండు చేతులూ రెంచి మీద ఉన్నాయి. "ఊఁ" అని మూలిగి, బలమంతా కూడదీసుకుని బిరడాను లాగాడు. కాళ్ళు రెండుసార్లు తన్నుకుని నిశ్చలమయ్యాయి. బిరడా కదలలేదు.

పెద్దమ్మ ఇంటికి పరుగెత్తి చర్చివాళ్ళ ప్రార్థన వరుసకు ఫోను చేసింది. ఆపద వచ్చినప్పుడు ఒకరు ఇంకొకరికి, వాళ్ళు మరొకరికి చెప్పి, అందరూ ప్రార్థించే ఏర్పాటది. మెర్ల్ కాళ్ళు నలిగాయని మొదటి ఫోను. నడుము పోయిందని తరవాతి ఫోను. ఊరి చివరకు చేరేసరికి అతని ఆత్మశాంతికి ఏ పాట పాడాలో మాట్లాడుకుంటున్నారు.

బజారులో గుడ్లు ఎంచుకుంటున్న నడీన్ చేతులను పాస్టరు భార్య గట్టిగా పట్టుకుంది. "ధైర్యంగా ఉండమ్మా. మెర్ల్ సంగతి ఇప్పుడే తెలిసింది."

బండి గొడవ అప్పుడే ఊళ్ళో పడిందా అనుకుంది నడీన్. "నాకేం బెంగలేదండీ. రేపటిదాకా చూస్తా. బాగుపడితే సరి, లేకపోతే వదిలించుకుంటా. మా తమ్ముడు తీసుకుపోతానన్నాడు."

"తీసుకుపోయి?"

"ఏముంది, విడిభాగాలైనా పనికొస్తాయిగా."

పాస్టరు భార్య ఆవిడ చేతులు వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది.

ఆ ఊళ్ళో చావు కబురు వస్తే ఏడుపుకన్నా ముందు వంట మొదలవుతుంది. ఓవెన్లో కాల్చిన పందిమాంసం హ్యామ్, చీజ్ కప్పిన బంగాళాదుంపలు పట్టుకుని జనం వచ్చి మెర్ల్ వాకిట్లో నిలబడ్డారు. వాళ్ళ వెనకే గంట మోగించుకుంటూ ఫైరింజను. ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళంలో రాయ్స్ కూడా ఉన్నాడు.

"బావా, కదలొద్దు. వస్తున్నాం."

మెర్ల్ టార్చి ఉమ్మేశాడు. "వచ్చింది చాలు, పో. ఇప్పుడే పట్టు దొరికింది."

"షాక్‌లో ఉన్నాడు, ఏదో మాట్లాడుతున్నాడు," అన్నాడు రాయ్స్. ఆయిల్లో మోకాళ్ళు జారుతుంటే బండి తలుపు తీసి, లోపలున్న రబ్బరు మ్యాట్లు లాగి కింద పరిచాడు. దళంవాళ్ళు నలుగురూ వాటి మీద మోకరిల్లి మెర్ల్ కాళ్ళు పట్టుకుని ఒక్కసారిగా లాగారు. మెర్ల్ రెంచి వదలలేదు. ప్రాణం పోయినా వదిలేవాడు కాదు. నలుగురి బలానికి పై బిరడా కెవ్వుమని తిరిగింది, మెర్ల్ ఎర్రగా మెరుస్తూ నవ్వుతూ బయటికి వచ్చాడు.

"ఊడింది," అన్నాడు.

కాసేపటికి నడీన్ వచ్చింది. జనాన్ని చూసింది, హ్యామ్‌లు చూసింది, నిలువునా ఎర్రబడ్డ మొగుణ్ణి చూసింది. "ఎవరు పోయారు?" అని అడిగింది. జనం చేతుల్లోని పళ్ళేలు వెనక్కి దాచుకున్నారు.

ఆదివారం ఊరంతా చర్చి మెట్ల మీద నిలబడి చూస్తుండగా పికప్ వచ్చింది. రెండో గేరు, మూడో గేరు, ఏది ఎప్పుడు పడిందో ఎవరికీ తెలియలేదు. పళ్ళెంలో గుడ్లు చెక్కుచెదరలేదు. మెర్ల్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కొత్త ఆయిలు మహిమ గురించి పాస్టరుకు సగం చెప్పేసరికి రాయ్స్ కడిగిన మ్యాట్లు చంకన పెట్టుకుని వచ్చాడు.

"ఇవిగో బావా. అడుగుతున్నానని ఏమనుకోకు, క్లచ్ కింద ఒకదాని మీద ఒకటి రెండెందుకు వేశావ్? పెడలు పూర్తిగా దిగదుగా. గేరు కుదిపెయ్యదూ?"

బురద అంటకూడదని వర్షాకాలంలో రెండో మ్యాటు వేసింది మెర్లే. కుదుపు మొదలైంది కూడా అప్పుడే. అతను మ్యాట్లు లాక్కుని వీపు వెనక పెట్టుకున్నాడు. నడీన్ చెయ్యి చాచింది.

"తాళం ఇటివ్వు."

"గుడ్లు దొర్లితేనే అమ్ముతానన్నావుగా. గుడ్లు దొర్లలేదు."

"అమ్మను, ఆ మాట మీదే ఉన్నా. ఒక మ్యాటు తీస్తే పోయేదానికి ఇన్నాళ్ళూ నా మెడ విరగ్గొట్టావు. ఇంటికి నేను నడుపుతా."

ఇల్లు కుడివైపు. ఆవిడ ఎడమకు తిప్పింది. పొలాల మధ్య తిన్నని రోడ్డెక్కి రెండు, మూడు, నాలుగు గేర్లు వేసుకుంటూ పోయి, ఐదువందల గుర్రాలనూ పేరుపేరునా పలకరించి, పొద్దువాలే వేళకు ఇంటికి చేర్చింది. దిగేటప్పుడు ఆవిడ బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి. తాళం గుత్తి తన సంచిలో వేసుకుని, "మంచి బండి. ఎవరికీ ఇచ్చేది లేదు," అంది.

మెర్ల్ ఇప్పుడు ఆవిడ చిన్న కారులో పనికి వెళుతున్నాడు. దానికి గేర్లు వాటంతటవే పడతాయి, క్లచ్చూ లేదు, కుదుపూ లేదు, అతని ఎడమకాలికి పనీ లేదు.