ఏనుగు తుమ్ముకు తాత్పర్యం

ఒక పెద్ద అడవిలో అన్నీ సమృద్ధిగా ఉండేవి, బడికి వచ్చే పిల్లలు తప్ప. బడి అంటే కొండ పక్కన ఒక గుహ. పాఠం మొదలయ్యేసరికి కోతిపిల్లకు కడుపునొప్పి వచ్చేది, పందిపిల్లకు బురదలో పని తగిలేది.

ఖాళీ గుహ మీద ఎలుగుబంటి షావుకారు కన్ను పడింది. తేనె నిల్వకు అంతకన్నా చల్లని చోటు దొరకదని కొలువులో విన్నవించుకున్నాడు. వానలు పడేలోగా బడి నిండకపోతే గుహ అతనిదేనని సింహం రాజు తేల్చేశాడు.

పిచ్చుక టీచరు బుల్లెమ్మకు ఆ బడే లోకం. తెల్లారి బెత్తం మూలన పడేసి నోటికొచ్చిన పాట అందుకుంది:

ఏనుగు మామకు జలుబొచ్చింది
తుమ్మితే టోపీ చెట్టెక్కింది
టోపీ కోసం కోతెక్కింది
కోతి తుమ్మితే చెట్టే దిగింది

పందిపిల్ల పొర్లి పొర్లి నవ్వింది. మర్నాడు తమ్ముళ్లనీ వెంటబెట్టుకొచ్చింది. వారం తిరిగేసరికి గుహలో కాలు పెట్టే చోటు లేదు. ఆ పాటలోని మాటలతోనే బుల్లెమ్మ అక్షరాలు దిద్దించింది. పిల్లలు నవ్వుకుంటూనే దిద్దారు.

సంగతి తెలిసి కొలువు నుంచి అడవి విద్యాధికారి, కొంగ ధవళేశం గారు దిగారు. ఆయన ఒంటికాలి మీద నిలబడతారు. నిలబడ్డంతసేపూ ఆలోచిస్తున్నారని అందరూ నమ్ముతారు. ఆయన నవ్వగా చూసినవాళ్లు అడవిలో లేరు.

పాట విని చాలాసేపు కళ్లు మూసుకున్నారు. "బాగుంది టీచరమ్మా. తాత్పర్యం చెప్పలేదేం?" అన్నారు.

"తాత్పర్యమేమీ లేదండీ. ఊరికే నవ్వుకోడానికి" అంది బుల్లెమ్మ.

"ఊరికే నవ్వుకోడానికి బడెందుకమ్మా, చెట్టుకొమ్మ చాలదూ?"

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. పాటకు ప్రతిపదార్థం, తాత్పర్యం, నీతి తప్పనిసరి. చివరి పాదం దాకా ఎవరూ నవ్వకూడదు. ఆ తర్వాత టీచరు చెయ్యెత్తితే నవ్వాలి, దించితే ఆపాలి. కింద ఒక ప్రశ్న కూడా ఉంది: "కోతి తుమ్మిన పిమ్మట చెట్టు దిగుటకు గల కారణములను సోదాహరణముగా వివరింపుము."

కోతిపిల్లకు మళ్లీ కడుపునొప్పి వచ్చింది. తప్పు పాదం దగ్గర నవ్విందని పందిపిల్లతో గోడకుర్చీ వేయించాల్సి వచ్చింది. గుహ ఖాళీ అయింది. ఆకాశంలో మబ్బులు పట్టాయి, గుమ్మంలో ఎలుగు షావుకారు తేనె కుండలతో దిగాడు. బుల్లెమ్మకు ఏడుపు ఆగలేదు.

కొంగ గారు మాత్రం చలించలేదు. లోపం పద్ధతిలో లేదని, టీచరులో ఉందని, మాదిరి పాఠం తానే చెబుతానని వచ్చారు. బుల్లెమ్మ బతిమాలితే పందిపిల్ల, దాని తమ్ముళ్లు వచ్చి కూర్చున్నారు.

ధవళేశం గారు టోపీ సర్దుకుని మొదలుపెట్టారు. "ఏనుగు అనగా గజము. మామ అనగా మేనమామయా, పిల్లనిచ్చిన మామయా అన్నది పండితులు తేల్చాలి. ఇక తుమ్ము. తుమ్మును చెబితే అర్థం కాదు, చూపించాలి."

రెక్క ఈకతో ముక్కులో గిలిగింతలు పెట్టుకుని తుమ్మారు. టోపీ ఎగిరి గుమ్మం ముందున్న చెట్టు కొమ్మకు తగులుకుంది. ఆ కొమ్మ మీద కడుపునొప్పితో ఉయ్యాలూగుతున్న కోతిపిల్ల దాన్ని తీసి నెత్తిన పెట్టుకుంది. టోపీ దుమ్ముకు అదీ తుమ్మింది.

అందరూ చెట్టు వైపు చూశారు. చెట్టు కదల్లేదు.

"తొందరపడకండి, దిగుతుంది" అన్నారు కొంగ గారు గంభీరంగా. "పాఠంలో ఉంది."

బుల్లెమ్మ చెయ్యెత్తలేదు, అయినా నవ్వు అడవంతా మారుమోగింది. ఆ నవ్వు విని పిల్లలు పొదల్లోంచి, బురదలోంచి పరుగెత్తుకొచ్చారు. ఎలుగు షావుకారు పొట్ట పట్టుకోబోయి కుండ జారవిడిచాడు. చినుకులు పడేసరికి గుహ కిక్కిరిసిపోయింది. వానకు జడిసి కాదు, కొంగ గారు ఇంకా నీతి చెప్పలేదని. షావుకారు మిగిలిన కుండలు మోసుకుపోయాడు, కొడుకును మాత్రం బడిలో వదిలాడు.

చూశావా నా పద్ధతి అన్నట్టు కొంగ గారు మెడ సాచారు.

"మీరు రోజూ రావాలండీ. మీరు రాకపోతే ఈ బడి నిలవదు" అంది బుల్లెమ్మ చేతులు జోడించి. ఆ మాటలో అబద్ధం రవ్వంత కూడా లేదు.

ఇందులో నీతి: పిల్లలను నవ్వించడానికి మంచి పాట లేకపోయినా ఫరవాలేదు, దానికి తాత్పర్యం చెప్పే అధికారి ఉంటే చాలు.