జోగినాయుడి ఎడమ తుంటి బేరింగ్

మంగళవారం ఉదయం జోగినాయుడి ఎడమ తుంటిలో బేరింగ్ అరిగిపోయింది. పదిహేడేళ్లుగా కొండకింద ఊళ్ల నుంచి పట్నానికి కారు తోలుతున్నవాడు కనుక ఆ గుర్రుమనే చప్పుడు ఏమిటో అతనికి వెంటనే తెలిసింది. ముందు కారుదేమో అనుకున్నాడు. కారు దిగి పెరట్లోకి నడిచినా చప్పుడు వెంట వచ్చింది. కుడివైపు తిరిగితే ఇంకా ఎక్కువైంది.

ప్రభుత్వాసుపత్రి డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి విని, ఈ నెలలో ఇది అయిదోదని చెప్పి, చీటీ మీద మందులకు బదులు మెకానిక్ షెడ్డు పేరు రాసిచ్చింది. షెడ్డులో సత్తార్ మేస్త్రి అతన్ని జాకీ మీద ఎత్తి, కాలు పట్టుకుని తిప్పి చూశాడు. లోపల గ్రీజు ఎప్పుడో ఎండిపోయింది.

"ఇంకో వారం ఇలాగే తిరిగితే కాలు ఊడి చేతికొస్తుంది, నాయుడూ."

బేరింగ్ షెడ్డులోనే ఉంది. అరగంట పని. అయితే మనుషులకు వేయాలంటే, రోడ్డు వల్లే అరిగిందని రోడ్ల ఆఫీసు ధ్రువపత్రం ఉండాలి.

జోగినాయుడి దిగులు కాలు గురించి కాదు. వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం, పక్క వీధి సింహాలమ్మను డయాలసిస్‌కి తీసుకెళ్లేది అతనే. ఒక్కసారి తప్పినా ఆవిడ ఒళ్లు ఉబ్బి ఊపిరాడదు. ఎడమ కాలు చూస్తే క్లచ్ మీద నిలవడం లేదు.

బుధవారం రోడ్ల ఆఫీసులో ఇంజినీరు అతన్ని కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, ఫైలు తెరిచాడు. ఫైల్లో ఆ రోడ్డు అద్దంలా ఉంది. పోయిన వేసవిలో తారు వేసినట్టు ఫోటో కూడా ఉంది. అలాంటి రోడ్డు మీద బేరింగ్ అరగదు కనుక, జోగినాయుడు ఆ రోడ్డు మీద కారు తోలలేదని తేలింది. మరి పదిహేడేళ్లూ ఎక్కడ తోలాడో రాసిమ్మని ఇంజినీరు మర్యాదగా అడిగాడు. జోగినాయుడు చాలాసేపు ఆలోచించి, తెలియదన్నాడు. గురువారం సింహాలమ్మను డయాలసిస్‌కి తీసుకెళ్లాలని మాత్రం చెప్పాడు.

ఇంకో దారి ఉందని ఇంజినీరే చెప్పాడు. ఆ అరుగుదల పుట్టుకతో వచ్చిందని సంతకం పెడితే ధ్రువపత్రం అక్కరలేదు, సాయంత్రానికల్లా బేరింగ్ వేసేస్తారు.

"అది అబద్ధం కదండీ."

"రేపు గురువారం కదయ్యా," అన్నాడు ఇంజినీరు. అతని గొంతులో నిజంగానే జాలి ఉంది.

జోగినాయుడు సంతకం పెట్టాడు.

గురువారం సింహాలమ్మ వేళకే ఆసుపత్రి చేరింది. గొయ్యి వచ్చినప్పుడల్లా అతను ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ఆవిడ భుజం పట్టుకున్నాడు. సంగతంతా విని ఆవిడ అతని ఎడమ కాలు వైపు చూసింది.

"నా మూలంగా రాశావా, నాయనా?"

"కాలు తిరుగుతోంది కదమ్మా."

రెండు నెలల్లో అలాంటి సంతకాలు నూట నలభై దాటాయి. కొండకింద ఊళ్లవాళ్లకు ఇది పుట్టుజబ్బేనని పైవాళ్లు ఒప్పుకుని, పసిపిల్లలకు పోలియో చుక్కలతో పాటు తుంటికి గ్రీజు పెట్టే ఏర్పాటు చేశారు. మొదటి ఆదివారం నలుగురు బాలింతలను జోగినాయుడే తీసుకెళ్లాడు, గోతులు తప్పిస్తూ, మెల్లగా. పట్నంలో పుట్టిన పిల్లలకు కూడా గ్రీజు పెడతారా అని ఒక తల్లి అడిగింది.

"అక్కరలేదమ్మా," అన్నాడు జోగినాయుడు. "వాళ్లలో ఈ జబ్బు లేదు."