పేరిందేవికి రంగు తిరిగొచ్చింది

గుమ్మలూరు మున్సిపాలిటీ గోడ మీది పెద్ద తెరలో ఒకే మనిషి రెండుసార్లు కనిపిస్తే, రికార్డుల్లో ముందెక్కిన మనిషిని రంగులో ఉంచి రెండో మనిషిని వెలిసిపోయినట్టు చూపిస్తారు. మరుక్షణం ఊళ్లో ఆ రెండో మనిషి నిజంగానే వెలిసిపోతారు. ఇందులో వింతేమీ లేదు. ఊరి రికార్డులన్నిటినీ గీతలతో కలిపి చూపించే తెర అది, దానికి తప్పు చేసే తీరికెక్కడిది?

కర్రీ పాయింటు నడుపుకునే కోలమూరి పేరిందేవి మాత్రం లబోదిబోమంది. ఆమెకు నాయనమ్మ పేరు పెట్టారు. అదే పేరు, అదే ఇంటిపేరు, అదే ఇంటి నంబరు. ఇద్దరూ ఒకటేనని తెర తేల్చేసింది. ఇంకేముంది, ఎప్పుడో పోయిన నాయనమ్మ నిండు రంగుల్లో వచ్చి అరుగు మీద కూర్చుంది. మనవరాలు బూడిద రంగుకు తిరిగింది. కూరలకు వచ్చినవాళ్లు ఆమె ముఖంలోకే చూస్తూ, ఎవరూ లేరా అని అడిగి పక్క కొట్టుకు పోతున్నారు. శనివారంలోగా సరిచేయించుకోకపోతే పూర్తిగా చెరిపేస్తామని కబురు కూడా వచ్చింది.

నాయనమ్మకు ఒళ్లు మండింది. పిల్ల చెయ్యి పట్టుకుని కమిషనర్ సర్వారాయుడి దగ్గరికి లాక్కెళ్లి, చచ్చిపోయింది తానేనని, బతికున్నది ఈ పిల్లేనని చెప్పింది. ఆయన మర్యాదస్తుడు. ఆవిణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్లిప్పించాడు. రంగులో ఉన్నవాళ్లు చచ్చిపోయామంటే ఆఫీసు నమ్మదని, వెలిసిపోయినవాళ్ల ఫిర్యాదు తీసుకునే ఏర్పాటే లేదని ఓపిగ్గా వివరించాడు.

"అలాగా నాయనా," అంది నాయనమ్మ. "ఇంతకీ నీకెవరి పేరు పెట్టారు?"

"మా తాతగారిది," అన్నాడు కమిషనర్, కాస్త గర్వంగానే.

"ఆయన ఏ ఇంట్లో ఉండేవాడు?"

"ఇప్పుడు మేమున్న ఇంట్లోనే."

పక్కనున్న ఆపరేటరు అలవాటుకొద్దీ ఆ వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించేశాడు. తెర మీద గీత పడింది. కమిషనర్ చొక్కాతో సహా వెలిసిపోయాడు. పెద్ద సర్వారాయుడుగారు చేతికర్రతో తలుపు తోసుకుని వచ్చి, మనవడు కూర్చున్నాడని కూడా చూడకుండా ఆ కుర్చీలోనే కూర్చున్నారు. మనవడు ఎలాగో తప్పుకుని నిలబడ్డాడు.

నాయనమ్మ ఆయనకు సంగతంతా చెప్పింది.

"ఇద్దరికీ రంగు వేస్తే మీ సొమ్మేం పోయిందిరా?" అన్నారాయన.

ఇకమీదట ఇలా ఒకే పేరున్నవాళ్ల మధ్యలో గీత ఉంచి, ఇద్దర్నీ రంగులోనే చూపించమని ఉత్తర్వు రాయించి సంతకం చేశారు. తాతామనవళ్లు ఒకటేనని తెరే చెప్పింది కాబట్టి సంతకం చెల్లింది.

పేరిందేవి బుగ్గల్లోకి రంగు పొంగుకొచ్చింది. జనం డప్పులతో ఆమెను కొట్టుదాకా ఊరేగించారు. గోంగూర పప్పు క్షణాల్లో అయిపోయింది. గెలిచానన్న సంతోషంతో ఆమె గరిట పట్టుకునే ఏడ్చేసింది.

తాత పేరో అవ్వ పేరో పెట్టుకోని ఇల్లు మా ఊళ్లో ఏదీ? నెల తిరిగేసరికి పోయిన పెద్దలంతా రంగుల్లో దిగారు. సర్వారాయుడు ఇప్పుడు నిండు రంగులో, తాతగారి కుర్చీ పక్కన నిలబడి ఉంటాడు. పేరిందేవి కొట్లో గల్లాపెట్టె దగ్గర నాయనమ్మ కూర్చుంటుంది. కూరలో ఉప్పెంత వెయ్యాలో, పేరిందేవి ఎవరిని చేసుకోవాలో ఆవిడే చెబుతుంది. ఎవరికీ ఇబ్బందిగా లేదు. ఊరు ఎప్పుడూ పోయినవాళ్ల మాట మీదే నడిచింది. ఇన్నాళ్లూ వాళ్లను నిలబెట్టే మాట్లాడించాం పాపం, ఇప్పుడు కుర్చీలు వేశాం.